పాత యంత్రానికి డీజిల్ అందడం లేదా, కరెంటు అందడం లేదా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంజిన్ ఆగిపోయిందనగానే డీజిల్ పంపు విప్పించడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సెకండ్ హ్యాండ్‌లో కొన్న బ్యాక్‌హో లోడర్లు, పొక్లెయిన్ల గురించినవే. వాటిలో చాలా మంది పంపునో, నాజిళ్లనో అనుమానించారు గానీ, వాళ్లు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ముందుగా పరీక్షించవలసింది ఆ పంపుకు కరెంటు తీసుకువెళ్లే వైరింగును. ఒకే తరహా ఉత్తరాలను కలిపి, అయిదు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: 2015లో తయారైన బ్యాక్‌హో లోడర్‌ను ఈ ఏడాది కొన్నాను. ఉదయం ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. రెండు గంటలు పని చేసి, ఎండ ముదిరాక, ఉన్నట్టుండి ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. ఫిల్టర్లు మార్చాను, ట్యాంకు కడిగించాను. పంపు విప్పితే తప్ప చెప్పలేనని మెకానిక్ అంటున్నాడు. విప్పించమంటారా? (గ్రానైట్ క్వారీలో కాంట్రాక్టు పనులు చేసే పాఠకుడు, చీమకుర్తి)

జవాబు: ఇప్పుడే విప్పించకండి. ముందుగా మీ ఆపరేటర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ఇంజిన్ ఎలా ఆగుతోంది? తాళం తిప్పి ఆపినట్టు ఒక్కసారిగా ఆగుతోందా, లేక పికప్ తగ్గి, గొంతు మారి, నాలుగైదు సార్లు ఊగి ఆగుతోందా? ఒక్కసారిగా ఆగితే అనుమానం కరెంటు వైపు వెళ్లాలి. ఊగి, నీరసించి ఆగితే డీజిల్ సరఫరా వైపు వెళ్లాలి. మీరు "ఉన్నట్టుండి" అని రాశారు కాబట్టి కరెంటు వైపు నుంచే మొదలుపెడుతున్నాను.

మీ బండిలో ఉన్నది ఎలక్ట్రానిక్ నియంత్రణ లేని రోటరీ పంపు అనుకుంటున్నాను. అటువంటి పంపు పైభాగంలో ఒకే ఒక వైరు వచ్చి చేరే చిన్న సొలినాయిడ్ ఉంటుంది. తాళం ఆన్ చేసినప్పుడు అందులోని కాయిల్‌కు 12 వోల్టుల కరెంటు చేరి, లోపలి చిన్న ప్లంజర్‌ను స్ప్రింగుకు ఎదురుగా పైకి లాగి, డీజిల్ దారిని తెరుస్తుంది. కరెంటు పోయిన మరుక్షణం స్ప్రింగు ప్లంజర్‌ను కిందికి నెట్టి దారి మూసేస్తుంది. అంటే ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆ ఒక్క వైరులో కరెంటు తెగకుండా ఉండాలి. అది క్షణకాలం తెగినా పంపుకు ఏ జబ్బూ లేకుండానే ఇంజిన్ ఆగుతుంది.

వేడెక్కాకే ఆగడానికి కారణాలు రెండు. మొదటిది కాయిల్ లోపలే ఉంటుంది. రాగి వేడెక్కిన కొద్దీ దాని నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. ఉదయం 30 డిగ్రీల దగ్గర ఉన్న కాయిల్, ఇంజిన్ పక్కన ఉడికి 110 డిగ్రీలకు చేరితే దాని నిరోధం 31 శాతం పెరిగి, అందులో ప్రవహించే కరెంటు దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కాయిల్, సరైన వోల్టేజి అందితే, ఈ తగ్గుదలను తట్టుకునేలాగే తయారవుతుంది. పాతబడి లోపల కొంత షార్టయిన కాయిల్‌గానీ, ఇప్పటికే వోల్టేజి తక్కువగా అందుతున్న కాయిల్‌గానీ తట్టుకోలేదు. రెండో కారణం, దారిలో ఎక్కడో ఉన్న బలహీనమైన అతుకు: వదులైన లగ్గు (వైరు కొనకు ఉండే బిళ్ల), చిలుము పట్టిన కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), అరిగిన ఇగ్నిషన్ స్విచ్, లేదా పాత యజమాని పెట్టించిన జీపీఎస్ పరికరం తాలూకు కట్-ఆఫ్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్).

ఈ చివరిదాని గురించి నాలుగు మాటలు ఎక్కువగా చెప్పాలి. బండిని దూరం నుంచి ఆపే వీలు కోసం జీపీఎస్ బిగించేవారు ఇగ్నిషన్ వైరునో, సొలినాయిడ్ వైరునో మధ్యలో కోసి, అక్కడ ఒక చిన్న రిలే పెడతారు. తర్వాత జీపీఎస్ చందా ఆగిపోతుంది, బండి చేతులు మారుతుంది, రిలే మాత్రం డ్యాష్‌బోర్డు కింద నల్ల టేపులో చుట్టుకుని అక్కడే ఉంటుంది. మెలితిప్పి టేపు వేసిన అతుకు దుమ్ముకు, కదలికకు కొన్నాళ్లకు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి అతుకు ఇంకా వదులవుతుంది. చల్లారాక మళ్లీ కలుస్తుంది. మీ బండి అరగంట తర్వాత స్టార్ట్ కావడానికి ఇది పూర్తిగా సరిపోయే కారణం.

పరీక్ష చేయవలసింది బండి ఆగిపోయిన ఆ పది నిమిషాల్లోనే. చల్లారాక పరీక్షిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు ఒకటి తీసుకుని, దానికి రెండు వైర్లు, రెండు క్లిప్పులు తగిలించి బండిలోనే ఉంచండి. బండి ఆగగానే బకెట్‌ను నేల మీద ఆనించి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం ఆన్‌లోనే ఉంచి, సొలినాయిడ్ మీది వైరును తీసి మళ్లీ తాకించండి. "టిక్" అనే శబ్దం రావాలి. శబ్దం రాకపోతే ఆ వైరుకూ ఇంజిన్ బాడీకీ మధ్య బల్బు పెట్టండి. బల్బు నిండుగా వెలిగితే కరెంటు సొలినాయిడ్ దాకా వస్తోంది, లోపం సొలినాయిడ్‌లోనే ఉంది. మసకగా వెలిగినా, అసలు వెలగకపోయినా లోపం వెనక దారిలో ఉంది. అప్పుడు అదే బల్బును పట్టుకుని రిలే దగ్గర, ఫ్యూజు దగ్గర, ఇగ్నిషన్ స్విచ్ దగ్గర వరుసగా పరీక్షిస్తూ బ్యాటరీ వైపు నడవండి. మసకగా వెలిగిన చోటుకూ నిండుగా వెలిగిన చోటుకూ మధ్యనే లోపం ఉంటుంది.

ఇక్కడ మల్టీమీటర్ ఒక్కదాన్నే నమ్మవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. మీటరు తీసుకునే కరెంటు దాదాపు శూన్యం కాబట్టి, ఇరవై పోగుల వైరులో పందొమ్మిది తెగిపోయినా అది 12 వోల్టులే చూపిస్తుంది. బల్బు 1.75 ఆంపియర్లు తాగుతుంది కాబట్టి ఆ బలహీనతను దాచనివ్వదు. మీటరుతోనే చూడాలనుకుంటే, వైరు సొలినాయిడ్‌కు తగిలించి ఉండగానే, ఒక కొనను బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొనను సొలినాయిడ్ టెర్మినల్‌కు పెట్టి చూడండి. అర వోల్టు దాటి చూపిస్తే దారిలో నష్టం ఉంది. అదే విధంగా బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్ బాడీకీ మధ్య 0.2 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ పట్టీ విప్పి, రంగూ తుప్పూ గీకి బిగించాలి.

బల్బు నిండుగా వెలిగి, సొలినాయిడ్ కూడా టిక్కుమని, అయినా ఇంజిన్ స్టార్ట్ కాకపోతే అప్పుడు డీజిల్ వైపు రండి. ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత విప్పి చూడండి. లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం వస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. ఇదీ గంటా రెండు గంటల తర్వాతే ఇంజిన్‌ను ఆపుతుంది, కొంతసేపటికి స్టార్ట్ కానిస్తుంది. అందుకే "వేడెక్కాక ఆగుతోంది" అన్న ఒక్క మాట మీద తీర్పు చెప్పకూడదు.

చివరిగా ఒక హెచ్చరిక. కొందరు మెకానిక్‌లు సొలినాయిడ్ విప్పి, ప్లంజర్ తీసి పారేసి, ఖాళీ గుల్లను తిరిగి బిగిస్తారు. ఇంజిన్ తిరుగుతుంది, కానీ తాళంతో ఆగదు. కందకం అంచున బండి ఉండగా, కింద మనిషి ఉండగా ఇంజిన్‌ను తక్షణం ఆపవలసి వస్తే ఆపరేటర్ చేతిలో ఏ సాధనమూ ఉండదు. లోపం కనుక్కోవడానికి రెండు నిమిషాలు ఆ పని చేయడం వేరు, అలాగే పనికి పంపడం వేరు. రెండోదానికి ఒప్పుకోకండి.

ప్రశ్న: మా దగ్గర 24 వోల్టుల పాత పొక్లెయిన్ ఉంది. డీజిల్ పంపు లివర్‌ను లాగే మూడు వైర్ల స్టాప్ సొలినాయిడ్ కాలిపోయింది. కొత్తది వేస్తే వారంలోనే అదీ కాలిపోయింది. నకిలీ సరుకు అంటున్నారు. నిజమేనా? (పాఠకుడు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా)

జవాబు: నకిలీ సరుకు ఉండదని చెప్పలేను గానీ, రెండూ ఒకే తీరుగా కాలాయంటే సొలినాయిడ్‌ను కాల్చే కారణం బండిలోనే ఉందని అనుకోవడం న్యాయం.

మూడు వైర్ల సొలినాయిడ్‌లో రెండు కాయిళ్లు ఉంటాయి. ఒకటి లాగే కాయిల్, రెండోది లాగిన లివర్‌ను పట్టి ఉంచే కాయిల్. మూడో వైరు రెండింటికీ ఉమ్మడి ఎర్త్. లెక్క కోసం లాగే కాయిల్ నిరోధం 1 ఓమ్, పట్టి ఉంచేదాని నిరోధం 50 ఓమ్‌లు అనుకుందాం. 24 వోల్టుల దగ్గర మొదటిది 24 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 576 వాట్లు. రెండోది అర ఆంపియర్‌కు లోపే, అంటే దాదాపు 12 వాట్లు. ఒక హీటరుకు సరిపడే ఆ 576 వాట్లను పిడికిలంత కాయిల్ సెకను కాలం భరించగలదు, నిమిషం భరించలేదు. అందుకే ప్లంజర్ పూర్తిగా లోపలికి వెళ్లగానే లాగే కాయిల్‌కు కరెంటు తెగిపోయే ఏర్పాటు ఉంటుంది. కొన్ని నమూనాలలో అది సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రమే పనిచేసే రిలే, కొన్నింటిలో సెకను తర్వాత తెంచే టైమర్, మరి కొన్నింటిలో సొలినాయిడ్ లోపలి స్విచ్.

మీ బండిలో ఏదున్నా, చూడవలసినవి రెండు. మొదటిది లింకేజి, అంటే సొలినాయిడ్‌ను పంపు లివర్‌కు కలిపే రాడ్. తాళం ఆఫ్‌లో ఉంచి ప్లంజర్‌ను చేత్తో లోపలికి నెట్టండి. అది చివరిదాకా వెళ్లి ఆనుతోందా, లేక పంపు లివర్ ముందే తన స్టాపర్‌కు తగిలి ప్లంజర్‌ను రెండు మిల్లీమీటర్ల ఇవతల ఆపేస్తోందా? లోపలి స్విచ్ ఉన్న సొలినాయిడ్‌లో ఆ రెండు మిల్లీమీటర్లే ప్రాణాంతకం. స్విచ్ తెరుచుకోదు, లాగే కాయిల్ కాలేదాకా కరెంటు తాగుతూనే ఉంటుంది. రాడ్ నట్టు వదులు చేసి, ప్లంజర్ పూర్తిగా ఆనేలా పొడవు సరిచేసి, తుప్పు పట్టిన బాల్ జాయింటు ఉంటే మార్చండి. రెండోది రిలే. ఇంజిన్ తిరుగుతుండగా లాగే కాయిల్ వైరు మీద వోల్టేజి చూడండి. ఏమీ ఉండకూడదు. ఉంటే రిలే పాయింట్లు అతుక్కుపోయాయి, లేదా ఎవరో లాగే వైరునూ పట్టి ఉంచే వైరునూ కలిపి ఒకే చోట బిగించారు. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఈ రెండో పొరపాటు తరచుగా ఉంటుంది.

సొలినాయిడ్ కాలకుండానే "లాగడం లేదు, చేత్తో లాగితే నిలబడుతోంది" అని రాసిన మరో ఇద్దరు పాఠకులకు కూడా జవాబు ఈ లెక్కలోనే ఉంది. వైరులో చిలుము వల్ల అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి. 50 ఓమ్‌ల కాయిల్‌కు అది లెక్కలోకి రాదు, కనుక పట్టి ఉంచగలదు. 1 ఓమ్ కాయిల్‌కు మాత్రం 24 ఆంపియర్ల బదులు 16 మాత్రమే అందుతాయి, అదీ సెల్ఫ్ మోటారు బ్యాటరీని కిందికి లాగని పక్షంలో. కనుక సొలినాయిడ్ మార్చే ముందు లాగే వైరు మందాన్ని, లగ్గులను, బ్యాటరీల స్థితిని చూడండి.

ప్రశ్న: మొదటిసారిగా సెకండ్ హ్యాండ్ బ్యాక్‌హో లోడర్ కొనబోతున్నాను. బకెట్ పిన్నులు, టైర్లు, హైడ్రాలిక్స్ చూడటం తెలుసు. డీజిల్, ఎలక్ట్రికల్ విషయంలో ఏం చూడాలి? (పాఠకుడు, సంగారెడ్డి)

జవాబు: ముందుగా తయారీ తేదీ చూడండి. మన దేశంలో చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు పొగ కాలుష్యాన్ని అదుపు చేసే బీఎస్-3 ప్రమాణాలు 2011 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-4 2021 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-5 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. బీఎస్-3 కాలపు బ్యాక్‌హోలలో ఎక్కువగా మెకానికల్ పంపులే ఉంటాయి. బీఎస్-4తో కామన్ రైలు (అన్ని ఇంజెక్టర్లకూ హై ప్రెషర్ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం), ఈసీఎం (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్), డజన్ల కొద్దీ సెన్సార్లు వచ్చాయి. మొదటి రకంలో డీజిల్‌కు సంబంధించిన కరెంటు పని ఒకటి రెండు వైర్లది. రెండో రకంలో వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్ట) స్థితి మీదే ఇంజిన్ బతుకు ఆధారపడి ఉంటుంది, కాబట్టి ధర మాట్లాడేటప్పుడు దానికి తగిన బరువు ఇవ్వాలి.

మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ రోజు పరీక్ష వాయిదా వేసుకోవడమే మంచిది, ఎందుకంటే స్టార్టింగ్ జబ్బులు చాలావరకు చల్లటి ఇంజిన్‌లోనే బయటపడతాయి. తాళం ఆన్ చేసినప్పుడు హెచ్చరిక దీపాలు వెలిగి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరాలి. బీఎస్-4 బండిలో ఇంజిన్ లోపం చూపే దీపం అసలు వెలగకపోతే సంతోషించకండి. లోపం కనిపించకుండా ఆ దీపాన్నే తప్పించి ఉండవచ్చు.

ఆ తర్వాత ఫ్యూజు బాక్సు తెరిపించండి. నాకు పాత యంత్రంలో అన్నిటికన్నా నిజాయతీగా మాట్లాడే భాగం అదే అనిపిస్తుంది. 10 ఆంపియర్ల చోట 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నా, ఫ్యూజు బదులు రాగి పోగు చుట్టి ఉన్నా, ఆ లైనులో ఎప్పుడో షార్టు వచ్చిందనీ, దాన్ని వెతకకుండా ఫ్యూజును పెద్దది చేశారనీ అర్థం. డ్యాష్‌బోర్డు కింద కంపెనీ బిగించని టాగిల్ స్విచ్ ఉంటే అది దేనికో అడగండి. బ్యాటరీ నుంచి నేరుగా సొలినాయిడ్‌కో, ఫీడ్ పంపుకో వైరు లాగి ఉంటే అసలు వైరింగు ఎక్కడో చచ్చిపోయిందన్నమాట.

బ్యాటరీ వోల్టేజి మూడు సార్లు చూడండి. 12 వోల్టుల బండిలో, నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉండగా 12.6 వోల్టుల చుట్టుపక్కల, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కు తగ్గకుండా, ఇంజిన్ తిరిగేటప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి మరీ పడిపోతే మెకానికల్ పంపు సొలినాయిడ్ లాగదు, కామన్ రైలు బండిలో ఈసీఎం నిద్రపోతుంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా హార్నెస్‌ను అక్కడక్కడా మెల్లగా కదపండి, ముఖ్యంగా అది ఇనుప క్లాంపు కింద నుంచి పోయే చోట, సైలెన్సర్‌కు దగ్గరగా వంగే చోట. ఇంజిన్ శబ్దం మారినా, ఆగినా ఆ చోటును గుర్తు పెట్టుకోండి. చివరగా తాళం తిప్పితే ఇంజిన్ వెంటనే ఆగాలి. జీపీఎస్ లేదా కంపెనీ టెలిమాటిక్స్ (బండి సమాచారాన్ని దూరం నుంచి చూపే ఏర్పాటు) ఉంటే ఆ ఖాతా మీ పేరుకు మారాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ప్రశ్న: షార్జాలో పాత యంత్రాల యార్డులో పనిచేస్తున్నాను. వేలంలో వచ్చిన ఒక కామన్ రైలు ఎక్స్‌కవేటర్ లోడు మీద పికప్ పడిపోతోంది. స్కానర్‌లో ఎస్‌పీఎన్ 157, ఎఫ్‌ఎంఐ 18 అని వస్తోంది. 157 అంటే రైలు ప్రెషర్ కాబట్టి సెన్సార్ మార్చాం. మళ్లీ అదే కోడు. ఇప్పుడు ఈసీఎం మార్చాలంటున్నారు. (కరీంనగర్ జిల్లాకు చెందిన పాఠకుడు, షార్జా)

జవాబు: ఈసీఎం జోలికి వెళ్లకండి. ఈ కోడు అసలు విద్యుత్ లోపం గురించి చెప్పడం లేదు.

భారీ యంత్రాల కంప్యూటర్లు లోపాలను చెప్పుకునే జే1939 పద్ధతిలో కోడుకు రెండు భాగాలు ఉంటాయి. ఎస్‌పీఎన్ దేని గురించి చెబుతోందో, ఎఫ్‌ఎంఐ దానికి ఏమైందో తెలుపుతుంది. యార్డులలో మొదటి అంకెను చూసి సరుకు ఆర్డరు పెట్టేస్తారు. నిజానికి చదవవలసింది రెండో అంకె. ఎఫ్‌ఎంఐ 3 అంటే వోల్టేజి ఉండవలసినదానికన్నా ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే సర్క్యూట్ తెగింది, 6 అంటే కరెంటు మించి పారుతోంది. ఈ నాలుగూ వైరు, కప్లర్, సెన్సార్ల సంగతులు. 2 అంటే కొలత నిలకడగా లేదు, అది తరచుగా వదులు కనెక్షన్ వైపు చూపుతుంది. 0, 1, 16, 18 మాత్రం వేరే జాతి. అవి "సెన్సార్ చెబుతున్నది నమ్మదగిందే, కొలత మాత్రం ఉండవలసిన స్థాయిలో లేదు" అని చెబుతాయి. మీ 157, 18 అర్థం: రైలు ప్రెషర్ నిజంగానే తక్కువగా ఉంది. మీరు మార్చిన సెన్సార్ మొదటి నుంచీ నిజమే చెబుతోంది.

దాన్ని రుజువు చేసుకోవడం తేలిక. ఇంజిన్ ఆపి, రైలులో ప్రెషర్ దిగిపోయేదాకా పది పదిహేను నిమిషాలు వదిలి, తాళం మాత్రం ఆన్ చేసి, సెన్సార్ సిగ్నల్ వైరు మీద వోల్టేజి చూడండి. చాలా రకాల రైలు సెన్సార్లు 5 వోల్టుల సరఫరాతో పనిచేస్తూ, ప్రెషర్ లేనప్పుడు సుమారు 0.5 వోల్టు, గరిష్ఠ ప్రెషర్ దగ్గర సుమారు 4.5 వోల్టులు ఇస్తాయి. ఉదాహరణకు 2,000 బార్ల దాకా కొలిచే సెన్సార్‌లో ప్రతి వోల్టూ 500 బార్లకు సమానం, కాబట్టి 0.9 వోల్టు అంటే 200 బార్లు. ఇంజిన్ ఆగి ఉండగా 0.5 దగ్గర ఉండి, సెల్ఫ్ కొట్టినప్పుడు అది సాఫీగా పెరిగితే సెన్సార్‌నూ దాని వైర్లనూ వదిలేయవచ్చు.

తర్వాత తక్కువ ప్రెషర్ వైపు నుంచి మొదలుపెట్టండి. వేలంలో వచ్చిన యంత్రం నెలల తరబడి ఎండలో నిలబడి ఉంటుంది. ట్యాంకులో నీరు చేరి, జిగురు పట్టి, సక్షన్ హోసు లోపలి పొర ఊడి ఉండవచ్చు. డీజిల్ నుంచి నీటిని వేరు చేసే సెపరేటర్ కింది నుంచి డీజిల్ ఒక గాజు సీసాలోకి తీసి, అరగంట కదపకుండా ఉంచి నీరు కిందికి దిగుతుందేమో చూడండి. ఫిల్టర్లు మార్చి, సక్షన్ లైనులో కొద్ది ముక్క పారదర్శక హోసు పెట్టి బుడగలు వస్తున్నాయా గమనించండి. లోడు మీద మాత్రమే ప్రెషర్ పడిపోవడానికి ఇక్కడే కారణం దొరికే అవకాశం ఎక్కువ. ఇంజిన్‌కు ఎక్కువ డీజిల్ కావలసిన వేళలోనే సన్నబడిన దారి అడ్డం తిరుగుతుంది.

ఇక్కడ ఏమీ దొరక్కపోతే హై ప్రెషర్ పంపులోకి వెళ్లే డీజిల్‌ను నియంత్రించే మీటరింగ్ వాల్వును చూడండి. దాని కాయిల్ నిరోధం సాధారణంగా కొద్ది ఓమ్‌లే ఉంటుంది, కచ్చితమైన అంకె కోసం మీ ఇంజిన్ మాన్యువల్ చూడాలి. కప్లర్ తీసినప్పుడు ఏం జరుగుతుందన్నది అన్ని పంపులలో ఒకటి కాదు. కరెంటు లేనప్పుడు తెరుచుకుని ఉండే వాల్వులు ఉన్నాయి, మూసుకుపోయేవీ ఉన్నాయి. కనుక ఒక బండిలో చేసిన "కప్లర్ పీకి చూడటం" అనే పరీక్షను మరో బండికి వర్తింపజేయకండి. ఆ తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ లైన్లకు కొలత సీసాలు తగిలించి, ఏ ఇంజెక్టర్ నుంచి డీజిల్ ఎక్కువగా వెనక్కి వస్తోందో చూడండి. మిగతావాటికన్నా బాగా ఎక్కువ పోసేది రైలు ప్రెషర్‌ను తినేస్తోందన్నమాట.

పాత పంపు బండ్ల మీద పని నేర్చుకున్నవారికి ఒక మాట ఎంత గట్టిగా చెప్పినా చాలదు. ఇంజిన్ తిరుగుతుండగా నాజిల్ పైపు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనుక్కునే అలవాటు కామన్ రైలులో ప్రాణాంతకం. వెయ్యి బార్లు దాటిన ప్రెషర్‌లో, కంటికి కనిపించనంత సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయట సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కణజాలం చచ్చిపోవడం మొదలవుతుంది. కట్టు కట్టుకుని పని కొనసాగించకుండా, ఆ గంటలోనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, హై ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. అరచేత్తో తడిమి లీకు వెతకకండి. గట్టి అట్టముక్కను దూరంగా పట్టుకుని వెతకండి. ఇంజెక్టర్ వైర్లలోనూ బ్యాటరీ వోల్టేజికి మించిన వోల్టేజి ఉంటుంది కాబట్టి ఇంజిన్ తిరిగేటప్పుడు వాటిని ముట్టుకోవద్దు.

ప్రశ్న: బకెట్ చెవికి వెల్డింగ్ చేయించాక మా బీఎస్-4 బండి స్టార్ట్ కావడం లేదు. సెల్ఫ్ తిరుగుతోంది, పొగ కూడా రావడం లేదు. ఈసీఎం పోయినట్టేనా? (పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: పోయి ఉండవచ్చు గానీ, అది చివరి అనుమానం కావాలి. తాళం ఆన్ చేసినప్పుడు ఇంజిన్ దీపం వెలుగుతోందా, స్కానర్ ఈసీఎంతో మాట్లాడుతోందా చూడండి. మాట్లాడకపోతే ఈసీఎంకు వచ్చే ఫ్యూజులు, రిలే, ఎర్త్ వైర్లు బల్బుతో పరీక్షించండి. వెల్డింగ్ కరెంటు దారి తప్పి సన్నటి ఎర్త్ వైరును కాల్చేయడం ఉంది. బ్యాటరీ తీసేసి, బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట వైర్లు కాన్ హై, కాన్ లో మధ్య నిరోధం కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే చివర్లలో ఉండే రెండు నిరోధకాలలో ఒకటి తెగింది లేదా లైను మధ్యలో తెగింది.

ఈసీఎం మాట్లాడుతూ ఉండి, ఒకేసారి అనేక సెన్సార్ల కోడులు చూపిస్తుంటే 5 వోల్టుల సరఫరా కొలవండి. అది పడిపోయి ఉంటే సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటిగా తీస్తూ పొండి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో ఆ సెన్సార్‌గానీ దాని వైరుగానీ షార్టయింది. ఒక్క సెన్సార్ చెడితే దానితో సరఫరా పంచుకునేవన్నీ చెడినట్టు కనిపిస్తాయి, ఆ అయోమయంలోనే చాలా మంది ఈసీఎం కొంటారు. కొన్నా, పాత బండి నుంచి తీసిన ఈసీఎం మీ ఇంజిన్‌కు తగిన ప్రోగ్రామ్ ఎక్కించనిదే పనికిరాదు.

ఇకపై వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీయించండి, ఈసీఎం కప్లర్లు ఊడదీయించండి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతికే చోటుకు జానెడు దూరంలో, అదే ఇనుప ముక్క మీద రంగు గీకి పెట్టించండి. క్లాంపు ఛాసిస్ మీద, పని బకెట్ మీద అయితే ఆ కరెంటు పిన్నులు, బుష్‌ల గుండా, దొరికితే వైరింగు గుండా కూడా తిరుగు ప్రయాణం చేస్తుంది.